ఇసుకలో పడనిది

మా మిషను బడిలో చదువుకున్నవాళ్ళందరూ కలిసి ఈమధ్య ఒక జ్ఞాపకాల సంచిక వేశారు. నన్నూ రాయమంటే రాశాను. హిందువుల పిల్లలమై ఉండి మిషను వాళ్ళ చర్చి గుడిలో ఎలా పెరిగామో రాశాను. సాంబ్రాణి పొగ, మరియమాత తేరు, ఉత్సవం రోజున తేరు వెనక నడుస్తూ మేం పాడిన పాటలు, అన్నీ రాశాను. "ఆ బడిలో మాకు కులం తెలియదు, మతం తెలియదు" అని ముగించాను. వాట్సాప్ గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. పువ్వుల బొమ్మలు, దండాల బొమ్మలు వరసగా వచ్చాయి.

వాటి మధ్యన రెండు వాక్యాల సందేశం ఒకటి ఉంది. "చాలా బాగా రాసేరండి. ఇసక గురించి కూడా రాసుంటే బాగుండేది."

ఎవరు పంపారో పేరు చూడకుండానే తెలిసింది. ఫోను బోర్లా పెట్టేశాను.

నేను రాయకుండా వదిలేసింది ఇది. పదేళ్ళ వయసులో నేనొక అబద్ధం ఆడాను. దాన్ని ఊరంతా నమ్మింది. అదే రోజు నాతో చదువుకునే ఒక పిల్ల నిజం చెప్పింది. దాన్ని ఆమె కన్నతండ్రి కూడా నమ్మలేదు. కులం తెలియదని రాశాను కదా, ఆ అబద్ధం నేను పట్టుకొచ్చిందే కులం నుంచి.

మాది రాజోలు వైపు కాలవ గట్టున ఒక ఊరు. కాలవకి ఇవతల మా ఇళ్ళు, కొబ్బరి తోటలు. అవతల దళితుల పేట. పేట మొదట్లో గుడి, గుడిని ఆనుకుని మిషను బడి. చుట్టుపక్కల అంతకంటే మంచి బడి లేదు కాబట్టి రైతుల పిల్లలమంతా కాలవ మీది కొబ్బరి దుంగలు దాటి అక్కడికే వెళ్ళేవాళ్ళం. గుడి పిల్లలకి, అంటే క్రైస్తవుల పిల్లలకి, మత ఉపదేశం, మాకు నీతిబోధ అని వేరువేరుగా జరగాలి. చెప్పేది ఒక్క ఉపదేశిగారే కావడంతో అందరినీ కలిపే కూర్చోబెట్టేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే చేతి గొడుగుతో కనిపించే మనిషి ఆయన. పిల్లల మీద ఒక్కసారి కూడా చెయ్యెత్తగా నేను చూడలేదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "ఏవమ్మా, మళ్ళీ చెప్పుకుందావా?" అనేవారు.

ఆ ఉపదేశం నాకు కంఠతా వచ్చినట్టు గుడి పిల్లలకెవరికీ వచ్చేది కాదు. ఏటా మొదటి బహుమతి నాదే. రెండోది ఉపదేశిగారి అమ్మాయిది. ఫాదర్ గారు నవ్వుతూ, "జ్ఞానస్నానం లేనివాడికి జ్ఞానం ఎక్కువైపోయింది" అనేవారు. బాప్తిస్మాన్ని అక్కడ జ్ఞానస్నానం అంటారు. ఆయన అలా అంటే నేను పొంగిపోయేవాణ్ణి.

మా తోటలో పూజ ఆట ఆడేవాళ్ళం. మా అమ్మ తువ్వాలు భుజాల మీద వేసుకుని నేనే ఫాదర్ని. పూజలో పెట్టే తెల్లటి సత్ప్రసాదపు బిళ్ళకి బదులు అరటిపండు చక్రాలుగా కోసి, మోకాళ్ళ మీద నిలబెట్టి, ఒక్కొక్కరి నాలిక మీదా పెట్టేవాణ్ణి. మా పాలేర్ల పిల్లల చేత పాపాలు చెప్పించుకుని, ప్రాయశ్చిత్తంగా పక్కవాళ్ళ జామకాయలు కోసుకురమ్మనేవాణ్ణి. దొరికిపోతే దెబ్బలు వాళ్ళకి, జామకాయలు నాకు. ఉపదేశిగారి అమ్మాయి మాత్రం ఆ ఆటకి రాలేదు.

"అది ఆట కాదు," అంది ఒకసారి.

"నీకు కుళ్ళు," అన్నాను.

"నాకెందుకు కుళ్ళు? వచ్చే పండక్కి నాకు నిజంది పెడతారు. నీకు ఎప్పటికీ అరటిపండే."

బడిలో నన్ను నువ్వు అనేది. కాలవ ఇవతల కనిపిస్తే మాత్రం "అబ్బాయిగారూ" అనేది, "మీరు" అనేది. ఎవరు నేర్పారో తెలియదు కానీ ఎప్పుడూ తడబడలేదు. అరటిపండు మాట నాకు లోపల గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

మా మామ్మకి మరియమాత మీద గొప్ప గురి. మేరమ్మ తల్లి అనేది. ఏటా ఉత్సవానికి పదకొండు కొబ్బరికాయలు, నిలువెత్తు కొవ్వొత్తి పంపేది. ఇంట్లో మాత్రం మడీ, ఆచారమూ ఏదీ తగ్గేది కాదు. పేట మనిషి కొబ్బరికాయల దింపు తీయడానికి వస్తే మంచినీళ్ళు పైనుంచి దోసిట్లోకి పొయ్యాల్సిందే. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు ఆవిడకి ఆయాసం వచ్చింది. రాజోలు డాక్టరుగారు మాత్రలు ఇచ్చి, చింతకాయ పచ్చడి మానమన్నారు. అంతకంటే ఏమీ లేదు. ఆవిడ మాత్రం మాత్రల్ని నమ్మలేదు.

"ఒరేయ్, కాయలు పుచ్చుకుంటారు, కొవ్వొత్తులు పుచ్చుకుంటారు. ఆ తెల్ల ప్రసాదం మాత్రం మనకి పెట్టరేంట్రా?" అంది ఒకరోజు దగ్గుతూ. "ఏ గుళ్ళో అయినా కాయిచ్చినవాళ్ళకి ప్రసాదం ఇవ్వరా? అది నోట్లో పడితే నాకు తగ్గిపోతుంది. ఎలాగైనా ఒకటి పట్రా. మీ నాన్నకి తెలియకూడదు సుమా."

నేను వెళ్ళి లైనులో నిలబడడం కుదరదు. ఫాదర్ గారికి, సిస్టరుగారికి ప్రతి మొహమూ తెలుసు. ఆ వచ్చే ఆదివారమే ఉపదేశిగారి అమ్మాయికీ మరో ఆరుగురికీ మొదటి సత్ప్రసాదం. బడి వెనక బోరింగు దగ్గర ఆమెని పట్టుకున్నాను.

"మా మామ్మ చచ్చిపోతోంది," అన్నాను.

"అమ్మో! డాక్టరుగారు చూళ్ళేదా?"

"చూసేరు. లాభం లేదనేసేరు. నీకు పెట్టింది మింగకుండా నాకిచ్చేవంటే పట్టికెళ్ళి పెడతాను."

ఆ పిల్ల బోరింగు కొట్టడం ఆపేసింది. "తప్పు. పళ్ళయినా తగలకూడదన్నారు నాన్నగారు."

"రోగుల దగ్గిరికి ఫాదర్ గారు పట్టికెళ్ళరా?"

"ఆయన ఫాదర్ గారు. అయినా మీ మామ్మగారికి జ్ఞానస్నానం లేదు కదా?"

ఇలాంటి ప్రశ్న కోసమే నేను ఏటా మొదటి బహుమతి తెచ్చుకున్నట్టుంది. "ప్రాణం మీదికొస్తే జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వచ్చు. నమ్మకం లేనివాళ్ళు కూడా ఇవ్వచ్చు. మొన్న నువ్వేగా అప్పజెప్పేవు? నీళ్ళు నేను పోసేస్తాలే. నువ్విచ్చేవు సరే, లేకపోతే మామ్మ పోతే ఆ పాపం నీదే."

చివరి మాట ఉపదేశంలో లేదు, నా సొంతం. ఆమె చాలాసేపు తన చేతుల మీది తడి చూసుకుంది. తరవాత "ఆయ్" అంది, అచ్చం మా ఇంటికొచ్చిన పేట పెద్దవాళ్ళు మా నాన్నతో అన్నట్టు.

ఆ ఆదివారం గుడి నిండా నందివర్ధనం పూల వాసన. సిస్టరుగారి పాత తెల్ల చీర చింపి కుట్టిన గౌను, నెత్తిన పూల కిరీటం. ఏడుగురిలో నాలుగోది ఆమె. హిందువుల పిల్లలం కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నాం. గంట మోగింది. "క్రీస్తు శరీరము" అన్నారు ఫాదర్ గారు. ఆమె తల వెనక్కి వాల్చి, "ఆమెన్" అని, నోరు మూసుకుంది. వెనక్కి వచ్చి అందరితోపాటు మోకరించి చేతుల్లో మొహం దాచుకుంది. లేచేసరికి పిడికిట్లో చేతిరుమాలు నలిగి ఉంది.

పూజ అయ్యాక బోరింగు దగ్గర రుమాలు విప్పింది. తెల్లటి చక్రం, ఒక పక్క తడిసి అంచు ముడుచుకుపోయి ఉంది. నోట్సులోంచి కాగితం చింపి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

"నవలకూడదని చెప్పు మామ్మగారికి. నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకోమను. తునక కూడా కింద పడకూడదు. పరిగెట్టు, పరిగెట్టు."

పరిగెత్తాను. మామ్మ వసారాలో నులకమంచం మీద ఉంది. అటూ ఇటూ చూసి, కాగితం అందుకుని, రెండు కళ్ళకీ అద్దుకుంది. నవలకూడదట అని చెప్పాను. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. కాసేపటికి తెరిచి, "పూతరేకులా కరిగిపోయిందిరా. బెల్లం లేని పూతరేకు" అంది. కాగితం మీద మిగిలిన పొడి కూడా వేలితో అద్దుకుని తింది. జ్ఞానస్నానం నీళ్ళ సంగతి నాకు గుర్తే రాలేదు. మళ్ళీ గుడికి పరిగెత్తాను, ఎందుకంటే అక్కడ ఫలహారాలు పెడుతున్నారు.

గుడి పిల్లలకి పెద్ద డేగిసాలో పేటవాళ్ళు వండిన ఉప్మా. మాకు, అంటే కాలవ ఇవతలి నలుగురు పిల్లలకి, మా వీధి హోటలు నుంచి తెప్పించిన ఇడ్లీ, అరటాకు పొట్లాల్లో, వేరే బల్ల మీద. అది ఫాదర్ గారు మా పెద్దల మర్యాద కోసం చేసిన ఏర్పాటు. ఎవరికీ వింతగా ఉండేది కాదు. నేను ఒక ఇడ్లీ తినేసి రెండోది చేతిలో పట్టుకుని ఉండగా అటువైపు గొడవ మొదలైంది.

పక్కన మోకరించిన పిల్ల చూసిందట. నోట్లోంచి తీసి రుమాల్లో పెట్టుకుందని సిస్టరుగారికి చెప్పేసింది. రుమాలు విప్పితే ఖాళీ. "ఏదీ? ఏం చేశావ్?" అని సిస్టరుగారు గద్దిస్తున్నారు. పేట జనం చుట్టూ మూగారు. ఉపదేశిగారు వచ్చారు.

"ఎక్కడుందమ్మా?" అన్నారు మెల్లగా.

ఆమె నా వైపు చూసింది. నేను ఇడ్లీ వైపు చూశాను.

"అబ్బాయిగారి మామ్మగారికి ఇచ్చేనండి, నాన్నగారూ. ఆవిడకి ప్రాణం మీదికొచ్చిందటండి."

నువ్వు అనలేదు, పేరు అనలేదు. బడి ఆవరణలోనే నన్ను అబ్బాయిగారు చేసేసింది. అందరూ నా వైపు తిరిగారు.

"నువ్వు అడిగావా?" అన్నారు సిస్టరుగారు.

"లేదండి. నాకు తెలీదండి."

అక్కడితో ఆగితే సరిపోయేది. నాన్న కొడతాడన్న భయం వల్ల ఆ మాట అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఆ ఒక్క మాట వరకే. రెండో మాటకి భయంతో పని లేదు. నేను ఇడ్లీ పట్టుకున్న చెయ్యి కొంచెం పైకెత్తి, గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాను.

"అయినా వీళ్ళ చేతిది మేం తినం కదండీ. మా మామ్మ ముట్టుకోను కూడా ముట్టుకోదండి."

ఎవరూ కోప్పడలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పేట పెద్దమనిషి ఒకాయన, మా పొలంలో పనిచేసే ఆయనే, తల ఊపాడు. "బాబు చెప్పింది నిజవేనండి, సిస్టరుగారూ. ఆళ్ళింట్లో మన చేతి మంచినీళ్ళే పుచ్చుకోరు. ఇది పుచ్చుకుంటారా? పిల్లే అబద్ధం ఆడతంది."

మేం వాళ్ళని ముట్టుకోమన్న సంగతే నాకు సాక్ష్యం చెప్పింది.

ఉపదేశిగారు కూతురి నెత్తి మీది కిరీటం తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. ఆ తరవాత చెంప మీద కొట్టారు. "ఎక్కడ ఉమ్మేసేవు?" అన్నారు. ఆ పిల్ల "మామ్మగారికి" అంది. మళ్ళీ కొట్టారు. మూడోసారి చెయ్యి లేవగానే ఆమె నేల వైపు వేలు చూపించింది.

"ఇసకలో పడిపోయిందండి."

దెబ్బ ఆగింది. నా అబద్ధానికి సరిపడే అబద్ధం ఆమె చేత అలా ఆడించాను.

పండగకని గుడి ముందు గోదావరి ఇసుక బళ్ళతో తోలించి పరిచి ఉంది. ఉపదేశిగారు అందరినీ కాలవ గట్టు మీదికి ఎక్కమన్నారు. వంటశాలలోంచి జల్లెడ తెప్పించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, దోసెడు దోసెడు జల్లించడం మొదలుపెట్టారు. ఫాదర్ గారు వచ్చి, "ఇంక వదిలెయ్యండి, దేవుడికి తెలుసు" అన్నారు. ఆయన వినలేదు. "తొక్కేస్తారండి, ఫాదర్ గారూ. ఎవరో ఒకరు తొక్కేస్తారండి" అన్నారు. ఎండ ముదిరింది. గోదావరి ఇసుకలో తెల్లటి గవ్వ ముక్కలు ఎన్నో ఉంటాయి. ప్రతి ముక్కనీ అరచేతిలో వేసుకుని, నోటితో ఊది, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసేవారు. పక్కన పడేసేవారు.

తెల్ల గౌనులో ఆ పిల్ల గుడి మెట్ల మీద నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

నేను ఇంటికి వెళ్ళిపోలేదు. చూడాలనిపించింది. మధ్యాహ్నం అవుతుండగా ఉపదేశిగారు తలెత్తి నన్ను చూశారు. "బాబూ, చిన్న కళ్ళు కదా, బాగా ఆనతాయి. కాస్త నువ్వూ చూడమ్మా" అన్నారు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెతుకుతున్నట్టు ఇసుకలో వేళ్ళు తిప్పాను. గుండ్రంగా ఉన్న గవ్వ ముక్క ఒకటి ఏరి, "ఇదేనాండీ?" అన్నాను. అది కాదని నాకు తెలుసు. ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని అలా అన్నాను. మారింది. రెండు చేతులూ చాపి అందుకున్నారు. చూసి, "కాదు బాబూ" అన్నారు. మరికాసేపటికి ఇంకో ముక్క ఇచ్చాను. అప్పుడూ చేతులు చాపారు.

సాయంత్రానికి ఆ ఇసుకంతా తట్టలకెత్తి గుడి వెనక, ఎవరి కాలూ పడని చోట, గోడ వారగా పోశారు.

ఇంటికెళ్ళి మామ్మకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని, "మంచిపని చేసేవు. తెలిస్తే మీ అమ్మ నా కంచం వేరే పెడుతుంది" అంది. కాసేపటికి ఇటు తిరిగి, "ఆ పిల్లని బాగా కొట్టేరా?" అని అడిగింది. లేదన్నాను. దిండు కింది నుంచి పూతరేకు తీసి నా చేతిలో పెట్టింది. ఆవిడ ఆయాసం తగ్గింది. ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. ఏటా పదకొండు కాయలూ పంపుతూనే ఉంది.

ఆ పిల్లకి సత్ప్రసాదం మళ్ళీ ఏడాది దాకా లేదన్నారు. పేటలో ఆమెకి "ఉమ్మేసిన పిల్ల" అని పేరు పడింది. నా వెనక కూర్చునే మగపిల్లలు ఆమె వెళ్తుంటే నేల మీద ఉమ్మి, ఇసుకలో వెతుకుతున్నట్టు వంగేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి. కన్నకూతురికే నేర్పలేనివాణ్ణి ఊరి పిల్లలకేం నేర్పుతానని ఉపదేశిగారు పని మానుకున్నారు. కొత్త ఏడాది బడి తెరిచేలోగా పిల్లనీ భార్యనీ తీసుకుని అంతర్వేది దగ్గర బావమరిది ఇంటికి వెళ్ళిపోయారు. ఆ ఏడు ఉపదేశంలో నాకే మొదటి బహుమతి. చిన్న మరియమాత బొమ్మ. ఇప్పటికీ మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. వచ్చినవాళ్ళకి చూపించి, మాకు మతం పట్టింపు లేదని చెబుతూ ఉంటాను.

వాట్సాప్ సందేశం వచ్చిన నాలుగో రోజున ఆవిడకి ఫోను చేశాను. ఇప్పుడు రాజోలు దగ్గర ఒక ప్రభుత్వ బడిలో హెడ్మిస్ట్రెస్. క్షమాపణ చెప్పుకోవాలి, ఇంటికి రావచ్చా అని అడిగాను.

"రండి. నాన్నగారు కూడా నా దగ్గరే ఉంటున్నారు," అంది. "ఇప్పటికీ ఏ గుడికెళ్ళినా గేటు దగ్గరే చెప్పులు విప్పేస్తారండి. ఇసక కనపడితే పక్కనుంచి నడుస్తారు" అంది.

వాళ్ళ పేట వీధిలో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ముసలాయన. గొడుగు పక్కనే గోడకి ఆనించి ఉంది. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చేతులు జోడించి, వచ్చేదారంతా అనుకున్న మాటలు మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపేసింది.

"నాకెందుకండీ చెప్పడం? జరిగిందేంటో నాకు తెలుసు కదా. తెలియంది ఆయనకి. ఆయనతో చెప్పండి. వినపడదు, గట్టిగా చెప్పాలి."

నేను వంగి, నేనెవరో చెప్పాను. ఆయన నవ్వి, "అడ్మిషను కోసవా? అమ్మాయి చూస్తుంది లెండి" అన్నారు.

గట్టిగా చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఇంకా గట్టిగా అరిచాను. ఎదురింటి గోడ మీద నుంచి ఇద్దరు ఆడవాళ్ళు చూశారు. వీధిలో ఆటో తుడుచుకుంటున్న కుర్రాడు గుడ్డ ఆపేశాడు.

"మీ అమ్మాయి అబద్ధం ఆడలేదండీ! ప్రసాదం నేనే అడిగేనండీ! మా మామ్మకి పట్టికెళ్ళేనండీ!"

ఆయన నవ్వు మెల్లగా పోయింది. "మీ మామ్మగారు... పుచ్చుకున్నారా?"

"పుచ్చుకుందండీ! కళ్ళకద్దుకుని పుచ్చుకుందండీ!"

"నవిలేరా?"

"లేదండీ! నవలకూడదని మీ అమ్మాయే చెప్పి పంపిందండీ! తునక కూడా కింద పడకూడదని చెప్పిందండీ!"

ఆయన గుమ్మం వైపు తిరిగి కూతుర్ని చూశారు. ఆవిడ ఆయన్ని చూడలేదు. నన్నే చూస్తోంది.

"అయితే ఇసకలో పళ్ళేదు," అన్నారు ఆయన.

"పళ్ళేదండీ!"

"మరి ఆ రోజు నిన్ను అడిగితే ఏమన్నావు బాబూ?"

"తెలీదన్నానండీ."

"తరవాత అన్నది కూడా చెప్పండి," అంది ఆవిడ. "గట్టిగా."

ఆ వీధిలో, ఆ ఇళ్ళ మధ్య, ఎదురింటివాళ్ళూ ఆటో కుర్రాడూ వింటుండగా, పదేళ్ళప్పుడు ఇడ్లీ పట్టుకుని అన్న మాట అరిచి చెప్పాను. వీళ్ళ చేతిది మేం తినం కదండీ అని. నాకు యాభై దాటాయి. ఆ మాట నా గొంతులోంచి ఎక్కడా తడబడకుండా వచ్చింది.

ఆటో కుర్రాడు గుడ్డ భుజం మీద వేసుకుని ఒక అడుగు ముందుకి వేశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆగిపోయాడు.

ముసలాయన తన రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటున్నారు. అలాగే చూస్తూ అడిగారు.

"నువ్వు కూడా నాతో వెతికేవు కదా, బాబూ?"

"ఆయ్. వెతికేనండి."

"రెండుసార్లు నా చేతిలో పెట్టేవు."

"పెట్టేనండి."

అప్పుడు ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, "క్షమించండి" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగారు. గుమ్మంలోంచి ఆవిడ అంది.

"వినపళ్ళేదండి ఆయనకి. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను.